మూడో చెరువులోకి తొలినీరు

పోయిన వారం మిమ్మల్ని కలిదిండి దగ్గర చెరువు గట్టు మీద, తేలిన చేపల మధ్య వదిలేసి వచ్చాను. ఏమీ అనుకోకండి. అక్కడ ఇంకాసేపు నిలబడే ఓపిక నాకూ లేకపోయింది. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను.

నా పేరు క్రిస్టినా. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్ళుగా ల్యాబ్ అసిస్టెంటుని. మా నాన్న ఎలీయాజరు నరసరాజుగారి చేపల చెరువుల మీద ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. మేత కట్టేదీ, నీళ్ళు పెట్టేదీ, ఆపేదీ ఆయనే. మొన్న ఫిబ్రవరిలో ఆ చెరువుల్లో మూడోదానికి నేనొక పెట్టె బిగించాను. లోపల కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకి కొనుక్కునే అరచేతిలో ఇమిడే బోర్డు ఒకటి ఉంటుంది. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సర్ ఒకటి, కాలువ నుంచి వచ్చే గొట్టానికి మోటారుతో తిరిగే వాల్వు ఒకటి. ఆక్సిజన్ తగ్గితే వాల్వు దానంతటదే తెరుచుకుని కాలువ నీరు వదులుతుంది, పెరిగితే మూసుకుంటుంది. అంతవరకే దాని తెలివి.

సోమవారం పొద్దున కాలువలోకి తొలినీరు వచ్చింది. కొల్లేటి పక్క పుట్టినవాళ్ళకి తొలినీరంటే ఏంటో చెప్పక్కర్లేదు. వేసవంతా కట్టేసిన కాలువని జూన్‌లో వదిలినప్పుడు, దారిలో ఉన్న ఊళ్ళ మురుగునీ, కుళ్ళిన గుర్రపుడెక్కనీ తోసుకుంటూ నల్లగా వస్తుంది. మూడు రోజులు దాని దారిన దాన్ని పోనిచ్చి, నాలుగో రోజుకి గానీ ఎవరూ చెరువుకి నీళ్ళు పెట్టరు. మూడో చెరువు వాల్వు మాత్రం ఆ రోజు బార్లా తెరుచుకుని ఉంది. మధ్యాహ్నానికి గట్టు నుంచి గట్టుకి తెల్లటి పొట్టలే. "నేనే తిప్పేనండీ వాల్వు, పొరపాటైపోయింది" అని నాన్న రాజుగారి ముందు ఒప్పేసుకున్నాడు. రాజుగారు తిట్టలేదు. గురువారం పది గంటలకి వచ్చి పెట్టె తన పనంతా రాసుకునే మెమరీ కార్డు చదివి వినిపించమని నాకు ఫోన్ చేశారు. అప్పటిదాకా చచ్చిన చేపల్ని తియ్యడం తప్ప చెరువు దగ్గర ఎవరూ ఏదీ ముట్టుకోవద్దన్నారు. ఆ రోజుతో నాన్నకి ఆ గట్టు మీద పని ఉంటుందో పోతుందో తేలిపోతుంది.

ఇక ఈ వారం సంగతి.

గూడెంలో తొలి బస్సెక్కి, భీమవరంలో మారి, కలిదిండిలో దిగేసరికి ఎనిమిదైంది. మూడు రోజులుగా సరిగా నిద్ర లేదు. బస్సులో పక్కనున్నావిడ మామిడిపళ్ళ సంచీ నా కాళ్ళ మీద పెట్టి, తను హాయిగా నిద్రపోయింది. ఆవిడ మీద విసుక్కోవడానికి కూడా నాకు ఓపిక రాలేదు.

ఇంటి దగ్గర అమ్మ టీ ఇచ్చి, గుమ్మంలో కూలబడింది. మా అమ్మ దానమ్మ ఏ కష్టమొచ్చినా గట్టిగా నాలుగు మాటలు అనేసి తేలికపడే మనిషి. అలాంటిది ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీ నాన్న ప్రార్థన మానేసేడే. అన్నం ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకోకుండానే తినేస్తన్నాడు. ఆదివారం రాత్రి నుంచీ ఇదే వరస."

"ఇన్ని చేపలు పోతే ఎవరికైనా మనసు బాగుంటుందా అమ్మా" అన్నాను. చేపలు పోయింది సోమవారం. ఆదివారం రాత్రి అంటోందేమిటని ఆ క్షణాన నాకు తట్టలేదు. టీ తాగేసి, ల్యాప్‌టాప్ సంచీ భుజానికి తగిలించుకుని చెరువు దారి పట్టాను.

చేపల్ని గొయ్యి తీసి పూడ్చేశారు. పైన చల్లిన సున్నం పొద్దుటి తడికి ముద్దకట్టింది. వాసన మాత్రం పోలేదు. అది పోవాలంటే ఒక పెద్ద వాన పడాలి. ఒకటో చెరువు, రెండో చెరువు ఎప్పటిలాగే ఉన్నాయి, అక్కడక్కడా బొచ్చె చేపలు మెదులుతున్నాయి. పక్కనే మూడోది ఏ కదలికా లేకుండా పడి ఉంది. నేను దానివైపు ఎక్కువసేపు చూడలేదు.

మోటారు షెడ్డులో పెట్టె తాళం తీసి, కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టాను. నాన్నకి చదవడానికి వీలుగా ఉంటుందని ఆ పెట్టె రాసుకునే ప్రతి మాటా తెలుగులోనే రాసేలా చేశాను. అప్పట్లో అదొక సరదా. ఆదివారం సాయంత్రం ఆరింటి దాకా ఆక్సిజన్ బాగానే ఉంది. అక్కణ్ణుంచి మెల్లగా దిగడం మొదలైంది. సోమవారం ఉదయం 5.10కి ఆక్సిజన్ 1.8, చేపకి ఊపిరాడనంత తక్కువ. దాని పక్కనే, "వాల్వు తెరిచాను." వాల్వుని చేత్తో తిప్పితే కార్డు మీద ఏమీ పడదు. మోటారు తిప్పితేనే పడుతుంది.

అంటే నాన్న వాల్వు ముట్టుకోనేలేదు. తెరిచింది నా పెట్టె.

నిజం చెప్పాలంటే ముందు నాకు సిగ్గేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. నన్ను కాపాడమని ఆయన్ని ఎవరడిగారు? తొలినీరు చెరువులోకి రానివ్వని మనిషని ఈ చుట్టుపక్కల నాన్నకి పేరు. పక్క రైతులు కూడా కాలువ నీరు దోసిట్లో పట్టుకొచ్చి, "ఎలీయాజరూ, పెట్టొచ్చా?" అని అడిగి వెళ్ళేవారు. ఆయన వాసన చూసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఊసేసి చెప్పేవాడు. అలాంటి మనిషి తొలినీరు నేనే పెట్టానని నోటితో అనడమంటే తన ఇరవై ఎనిమిదేళ్ళ పనినీ తనే పాడుచేసుకోవడం.

"వచ్చేవా అమ్మా? టిఫిన్ చేసేవా?"

నాన్న షెడ్డు బయట నిలబడి ఉన్నాడు. మూడు రోజుల్లో మనిషి సగమైపోయాడు.

"ఎందుకు అబద్ధం చెప్పావు నాన్నా?"

"అందులో ఏం రాసుందేంటి?"

"నువ్వు తిప్పలేదని రాసుంది."

నాన్న ల్యాప్‌టాప్ వైపు చూశాడు. "అయితే చెరిపెయ్" అన్నాడు.

"చెరపను. నా పెట్టె తప్పు చేస్తే చేసిందని నేనే చెప్తాను. పోతే పోనీ." గొంతు పెద్దదైపోయింది. పోతే పోనీ అని అనడం సులువే. పదకొండేళ్ళుగా నా పని ఎవరి పిల్లలకో వైర్లు అందించడం, విరగ్గొట్టిన మీటర్లు లెక్క చూసుకోవడం. నా చేత్తో నేను చేసి, నలుగురికీ పనికొచ్చింది ఈ ఒక్కటే. రాజుగారి బంధువులు తమ చెరువులకీ పెట్టమని అడుగుతున్నారు. ప్రిన్సిపాల్ గారికి ఈమధ్యే నా పేరు గుర్తుంటోంది.

అయినా ఒక్కటి అర్థం కాలేదు. ఆదివారం రోజంతా గాలి బాగా వీచింది. గాలి వీచిన రోజు ఆక్సిజన్ అంతలా పడిపోకూడదు. సెన్సర్‌కే ఏదో అయిందేమోనని అనుమానం వచ్చింది.

"పడవ తియ్యి నాన్నా. సెన్సర్ చూడాలి."

"రాజుగారు ముట్టుకోవద్దన్నారు కదమ్మా."

"ముట్టుకోను. చూస్తాను."

ఆయన కదల్లేదు. నేనే రేకు పడవ నీళ్ళలోకి తొయ్యబోతుంటే, చూడలేక వచ్చి పట్టుకున్నాడు. చెరువుకి అడ్డంగా కట్టిన తాడుని చేత్తో లాక్కుంటూ పడవని నడిపించాడు. రోజూ ఆ తాడు పట్టుకుని వెళ్తూనే నీళ్ళలో పాతిన ఒక్కో గెడకీ ఒక్కో మేత సంచి కడతాడు. చిల్లులు పొడిచిన సంచిలో తవుడూ, నూనె తీసిన చెక్కా వేసి నీళ్ళలోకి వేలాడదీస్తే, చేపలు గుంపుగా వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. నా సెన్సర్‌ని కూడా అలాంటి వెదురు గెడకే బిగించాను. దానికి మేత కట్టకుండా తెలియడానికి పైన ఎర్ర రంగు వేశాను.

ఎర్ర గెడకి సంచి కట్టి ఉంది.

ముందు నా కళ్ళని నేను నమ్మలేదు. దగ్గరికెళ్ళాక పులిసిన తవుడు వాసన వచ్చింది. సంచి సరిగ్గా సెన్సర్‌ని ఆనుకుని వేలాడుతోంది. నీళ్ళలో నానిన తవుడు తన చుట్టూ ఉన్న ఆక్సిజన్ లాగేసుకుంటుంది. తినడానికి మూగిన చేపలు మిగిలింది పీల్చేస్తాయి. చెరువంతా బాగానే ఉన్నా, ఆ మూరెడు జాగాలో ఊపిరాడదు. నా పెట్టెకి తెలిసింది ఆ మూరెడే.

మేత కట్టేది నాన్న ఒక్కడే. ముడి కూడా ఆయనదే. రెండు చుట్లు చుట్టి, కొసని లోపలికి దోపుతాడు. చిన్నప్పుడు నా స్కూలు సంచీకి కూడా అలాగే కట్టి పంపేవాడు.

"పొరపాటున కట్టేశావా?" అని అడిగాను. అవునంటే చాలని నా ప్రాణం కొట్టుకుంది. "రంగు కనబడలేదా నాన్నా? కళ్ళు మసకలా?"

"కళ్ళు బాగానే ఉన్నాయమ్మా."

తాడు వదిలేశాడు. పడవ ఉన్నచోటే ఆగింది.

"తెలిసే కట్టేను. ఆదివారం సాయంత్రం, గుడిలో ప్రార్థన అయ్యి వచ్చేక. నువ్వే చెప్పేవు కదా, దాని దగ్గరకి మేత రానివ్వకు నాన్నా, అది మోసపోద్దని."

ఆదివారం రాత్రి నుంచీ అని అమ్మ ఎందుకందో అప్పుడు అర్థమైంది.

"ఎందుకు నాన్నా?"

"ఒక్కసారి అది తప్పు చేస్తే చూడాలనిపించింది. ఒకే ఒక్కసారి, రాజుగారి కళ్ళ ముందు." ఆయన నావైపు చూడకుండా నీళ్ళకేసి చూస్తూ మాట్లాడుతున్నాడు. "కాలువ బుధవారం వదుల్తామన్నారు. సోమవారం కాలువలో చుక్క ఉండదు కదా అనుకున్నాను. వాల్వు తెరుచుకున్నా ఏం వస్తది? ఏమీ రాదు. ఎండిన కాలువకి వాల్వు తెరుచుకుని కూర్చుంటే, రోజూలాగే ఆరింటికి రాజుగారు వచ్చి చూసి నవ్వుతారు. ఇదేంటిరా ఎలీయాజరూ, నీ కూతురి పెట్టెకి కాలువలో నీళ్ళు లేవని కూడా తెలీదా అంటారు. అంతే అనుకున్నాను. తర్వాత సంచి విప్పేద్దామనుకున్నాను."

"మరి?"

"ఆ వేళే రాజుగారు కైకలూరు పెళ్ళికెళ్ళేరు. వస్తారు వస్తారని చూసి, నేను అవతల ఒకటో చెరువులో మేత కట్టడానికి పోయేను. కాలువ రెండు రోజులు ముందే వదిలేసేరు. నేను తిరిగొచ్చేసరికి పది దాటిపోయింది. నీళ్ళు నల్లగా తిరిగిపోయి ఉన్నాయి. వాల్వు చేత్తోనే కట్టేసేను. ఏం లాభం."

చెయ్యెత్తి కొట్టాలనిపించింది. దగ్గరకు తీసుకుని ఏడవాలని కూడా అనిపించింది. ఆ ఇరుకు పడవలో రెండూ కుదరవు.

"నా మీద నీకు అంత కోపమెందుకు నాన్నా? నేనేం చేశాను?"

"నీ మీద కోపమేంటమ్మా." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఫిబ్రవరిలో పెట్టె బిగించిన రోజు రాజుగారి చుట్టాలంతా వచ్చేరు కదా. అప్పుడు రాజుగారు అన్నారు, ఇంక మా ఎలీయాజరుకి పని లేదండీ, కన్నకూతురే తీసేసింది అని. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఆయన వేళాకోళానికే అన్నారు, నాకు తెలుసు." తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. "నువ్వు కూడా నవ్వేవమ్మా."

నవ్వాను. నాకు బాగా గుర్తు. ఆ రోజు నేను పట్టరాని సంతోషంలో ఉన్నాను, ఎవరేమన్నా నవ్వుతున్నాను. నవ్వుల తర్వాత నాన్న నన్ను పక్కకి పిలిచి, "మరి తొలినీరు వచ్చినప్పుడు నీ పెట్టె ఏం చేస్తదమ్మా? దానికి వాసన తెలీదు కదా" అని అడిగిందీ గుర్తుంది. మంచి ప్రశ్న. దానికి ఇంకో సెన్సర్ పెట్టొచ్చు. లేదంటే జూన్ నెలలో వాల్వు చేత్తోనే తిప్పేలా రెండు లైన్లు రాస్తే సరిపోయేది. "చూద్దాంలే నాన్నా, తర్వాత" అన్నాను. ఆ తర్వాత అనేది రానే లేదు. ల్యాబ్ పరీక్షలొచ్చాయి, సెలవలొచ్చాయి, ఎండలొచ్చాయి. రెండు లైన్లు రాయడానికి నాకు నాలుగు నెలలు చాల్లేదు.

చెయ్యి చాచి సంచి ముడి పట్టుకున్నాను. విప్పేసి బురదలో తొక్కేస్తే సరి. పెట్టె చెడిపోయిందనో, వాల్వు ఇరుక్కుందనో ఏదో ఒకటి చెప్పొచ్చు. రాజుగారికి సెన్సర్ల సంగతి ఏం తెలుసు?

"ఈ నాలుగు రోజుల్లో దీన్ని నువ్వే విప్పెయ్యలేకపోయావా?" అన్నాను.

"ముట్టుకోవద్దన్నారుగా" అన్నాడు నాన్న.

అంత పని చేసిన మనిషి, ముట్టుకోవద్దన్నారని ముట్టుకోలేదు. ఇదేం మనిషో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. నా చెయ్యి ముడి మీద ఉండగానే గట్టు మీద బండి చప్పుడైంది. పది కాలేదు, రాజుగారు అరగంట ముందే వచ్చేశారు. నేను చెయ్యి తీసేశాను.

నరసరాజుగారు పెద్దగా అరిచే మనిషి కాదు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. షెడ్డు ముందున్న ప్లాస్టిక్ కుర్చీ పక్కన నిలబడి, మేమొచ్చేదాకా ఆగారు. నాన్నని నువ్వంటారు, నన్ను మీరంటారు. ఆ తేడా నాకు ఎన్నేళ్ళైనా అలవాటు కాలేదు.

"రండమ్మా. ప్రయాణం బాగా జరిగిందాండీ? ఇక చదవండి."

చదివాను. ఆదివారం ఆరు గంటల నుంచి సోమవారం 5.10 దాకా ఒక్క అంకె వదలకుండా చదివాను. "నాన్న వాల్వు ముట్టుకోలేదండీ. తెరిచింది పెట్టే. నాన్న నా కోసం తన మీద వేసుకున్నారు" అన్నాను. అది సగం నిజమని నాకు తెలుసు. సగమైనా చెప్పేశానని ఊపిరి పీల్చుకున్నాను.

"తెలుసండీ" అన్నారు రాజుగారు.

"ఏంటండీ?"

"తొలినీరు పెట్టేనని ఎలీయాజరు చెప్తే నమ్మడానికి నేనేమన్నా నిన్న పుట్టేనా అమ్మా? నా చేతికి చెరువులొచ్చిన కాడి నుంచీ చూస్తన్నాను. సోమవారమే తెలుసు నాకు, అది అబద్ధమని. మీరొచ్చి చెప్తారా, మీ నాన్నని అలాగే నిలబెడతారా, అది చూద్దామని ఈ మూడు రోజులూ ఊరుకున్నాను. చెప్పేరు. సంతోషం."

నాకు మొహం చెల్లలేదు. ఆయన మెచ్చుకుంటున్నారు, నేను తల ఎత్తలేకపోతున్నాను. నాన్న తువ్వాలు రెండు చేతులా పట్టుకుని నేల చూస్తున్నాడు. అక్కడితో వదిలేస్తే బాగుండునని నాలో ఏదో మూల ఆశ. పెట్టె తీసేస్తారు, నాన్న పని నిలబడుతుంది, నా మానాన నేను ల్యాబ్‌లో వైర్లు అందించుకుంటాను. ఎవరికీ ఏమీ కాదు.

రాజుగారు గొడుగు మొనతో మూడు చెరువులూ వరసగా చూపించారు.

"ఒక్క అనుమానం తీర్చండి నాకు. ఈ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటే గాలి, ఒకటే ఎండ, మేత కట్టే చెయ్యి కూడా ఒకటే. ఆ రెండిట్లో ఆక్సిజన్ తగ్గలేదు, ఒక్క చేప నోరు తెరుచుకుని పైకి రాలేదు. దీంట్లోనే ఎందుకు తగ్గుద్దండీ? తగ్గలేదు. మీ పెట్టెకి తగ్గినట్టు కనబడింది. అది వట్టినే అలా కనబడదు. దాన్ని అలా చేసిందెవరు?"

అవతల రెండో చెరువులో ఒక చేప ఎగిరి పడింది.

నేను రాయని రెండు లైన్లూ, నేను నవ్విన నవ్వూ నాకు గుర్తొచ్చాయి. నాన్న తల ఎత్తాడు.

"నేనేనండీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.

రాజుగారు నన్ను చూశారు, నాన్నని చూశారు. కుర్చీ లాక్కుని కూర్చుని, గొడుగు మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నారు.

"మీరు కాసేపు అలా అవతల నించోండమ్మా" అన్నారు నాతో. తర్వాత నాన్న వైపు తిరిగి, నా ఎరుకలో మొదటిసారి ఆయన్ని మీరన్నారు. "మీరు చెప్పండి ఎలీయాజరుగారూ."